అరంగుళం అంచు

ఫుట్‌నోట్ సారుని నేను క్షమించలేదు, క్షమించను. నేను క్షమించకపోతే ఆయనకి అన్నం సహించదని కాదు. రోజూ సాయంత్రం యూనివర్సిటీ వెనక గేటులోంచి కారు తీసుకొచ్చి, సరిగ్గా నా బైండింగు కొట్టు ముందు అద్దం దించి, "ఏమోయ్, బాగున్నావా?" అంటాడు. నేను చేతిలో పని కింద పెట్టి, లేచి నిలబడి, "బాగున్నా సార్" అంటాను. అలా లేచే నా మోకాళ్లని చూస్తే నాకే రోత. వద్దనుకున్నా లేస్తాయి. ముప్పయ్యేళ్ల అలవాటు వాటిది.

ఆయన అసలు పేరు హిస్టరీ డిపార్ట్‌మెంటు తలుపు మీద ఇత్తడి రేకులో ఉంది. పిల్లలు మాత్రం ఫుట్‌నోట్ అనే అంటారు. ఈ ముక్క ఎక్కడినుంచి తెచ్చామో చెబుతూ పేజీ అడుగున సన్నక్షరాల్లో వేస్తారు చూడండి, అదీ ఫుట్‌నోట్ అంటే. క్లాసులో ఎవరు నోరు విప్పినా "ఆధారం ఏది? ఫుట్‌నోట్ ఏది?" అంటాడట. బయట వాన పడుతోంది సార్ అన్నా ఫుట్‌నోట్ అడుగుతాడని పిల్లలు నా కొట్టు దగ్గర నవ్వుకునేవాళ్లు. నాకు ఆయనలో అన్నిటికన్నా అసహ్యం ఆ చూపుడువేలు. పేజీ తిప్పేముందు దాన్ని నాలుక మీద ఆనించి తడి చేస్తాడు. అప్పుడే బైండు చేసి ఇచ్చిన కొత్త పుస్తకమైనా సరే. జిగురు అంటకూడదని నేను మూడుసార్లు చేతులు కడుక్కుని ముట్టుకున్న కాగితం మీద ఆయన ఎంగిలి. యాభై పేజీలు తిప్పేసరికి కింది మూల మెత్తబడి కుక్క చెవిలా వాలిపోతుంది.

నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. యూనివర్సిటీ వాళ్ల థీసిస్‌లన్నీ నా చేతిమీదుగానే పోతాయి గానీ ఒక్కటీ చదవను. చదువుతూ కూర్చుంటే కుట్టు సాగదు. పేజీ నంబరు వరసగా ఉందా, తలకిందులుగా పడిందా, అంతే నాకు కావలసింది. పెద్ద పెద్ద డాక్టరేట్లు నాకు బరువుని బట్టే తెలుసు.

నా చదువు ఆగింది ఆ యూనివర్సిటీ వల్లే. నాకు పదకొండేళ్లప్పుడు దాన్ని కట్టడానికి నలభై ఒక్క కుటుంబాల భూమి తీసుకున్నారు. అందులో మాదీ ఉంది. డబ్బులిచ్చే రోజు రసీదు మీద సంతకం పెట్టాలి. మా నాన్నకి సంతకం ఒక్కటే వచ్చు. ఆయనకెవరో ప్లీడరు గుమాస్తా చెప్పాడట, సంతకం పెట్టి ఊరుకుంటే ఒప్పుకున్నట్టే, పక్కన "అభ్యంతరంతో పుచ్చుకున్నాను" అని రాస్తే ఎప్పటికైనా అడిగే హక్కుంటుంది అని. మా నాన్న ఆ రెండు ముక్కలూ నేర్చుకోవడానికి నా పలక తీసుకుని మూడు సాయంత్రాలు కూర్చున్నాడు. నాలుక బయటపెట్టి, బలపం నొక్కిపట్టి, ఒత్తులు దిద్దుకుంటూ. "ఈ భ్య ఏంట్రా, గేదె పడుకున్నట్టుంది" అనేవాడు. ఆయన్ని చూసి మిగతావాళ్లూ నేర్చుకున్నారు. రసీదులో ఖాళీ లేక, కాగితం అడ్డంగా తిప్పి, అంచు వెంబడి రాసి వచ్చారు. మరుసటి ఏడు నేను బడి మానేశాను. పలక ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ కథ మా ఇంట్లో నేను చెప్పినన్నిసార్లు దేవుడి పేరు కూడా ఎవరూ తలచి ఉండరు. మా అమ్మాయి పాలతో పాటు అదీ తాగి పెరిగింది. అందుకే కాబోలు, ఎమ్మే చేస్తానని చెప్పి హిస్టరీలో చేరింది.

"చరిత్ర చదివి ఏం చేస్తావే? చచ్చిపోయినవాళ్లు ఉద్యోగాలిస్తారా?" అంది మా ఆవిడ.

"బతికున్నవాళ్లు మాత్రం ఇస్తున్నారా అమ్మా?" అంది అది.

నేను చెప్పే కథంతా దాని రెండో ఏడు, ఆ వేసవిలో జరిగింది. మార్చి మొదట్లో పేపర్లో ఒక ప్రకటన పడింది. యూనివర్సిటీ కోసం నలభయ్యేళ్ల కిందట తీసుకున్న భూముల్లో, వాడకుండా పడి ఉన్న వెనకవైపు బీడుని తిరిగి ఇచ్చేస్తారట. అందరికీ కాదు. డబ్బు తీసుకునే రోజు అభ్యంతరం రాసిపెట్టినవాళ్ల వారసులకి, పోయినంతకి పోయినంత. ఆధారం చూపించాలి. గడువు జూన్ ముప్పై.

పక్క టీ కొట్టు అక్క ఆ పేపరు ముక్క పట్టుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. ఆమె మామగారిది రెండెకరాలు పోయింది.

"తమ్ముడూ, మా మామ కూడా రాశాడు కదా? మీ నాన్న పక్కనే నిలబడి రాశాడని చచ్చేదాకా చెప్పాడు."

"రాశాడు అక్కా. అందరూ రాశారు."

"మరి ఆ కాగితాలేవి?"

రసీదులు డబ్బిచ్చినవాళ్ల దగ్గరే ఉంటాయి. అంటే యూనివర్సిటీ రికార్డు గదిలో. మా అమ్మాయి అప్పటికే తన డిసర్టేషన్‌కి అదే విషయం తీసుకుంది, యూనివర్సిటీకి భూమి ఎలా వచ్చింది అని. గైడు ఎవరనుకున్నారు? ఫుట్‌నోటే. ఆయన అప్పుడు యూనివర్సిటీ నలభయ్యేళ్ల సంచిక రాస్తున్నాడు. అందులో రైతులు చదువు మీద గౌరవంతో మనస్ఫూర్తిగా భూములిచ్చారని ఉంది. ఆ పేజీలు బైండింగుకి నా దగ్గరికే వచ్చాయి. చదవనన్నాను కదా, అది చదివాను. చదివి, జిగురు డబ్బాలో ఉమ్మి, ఆ జిగురుతోనే అట్ట అంటించాను. నాకు చేతనైన తిరుగుబాటు అంతే.

రికార్డు గదికి అనుమతి కోసం అమ్మాయి నెలన్నర తిరిగింది. ఒకరోజు తాళం లేదన్నారు, ఒకరోజు తాళం ఉంది మనిషి లేడన్నారు, ఒకరోజు మనిషి ఉన్నాడు గానీ బల్బు లేదన్నారు. బల్బు నేను కొనిచ్చాను. ఏప్రిల్ చివర్లో ఒక మధ్యాహ్నం లోపలికి పోనిచ్చారు.

ఆ రోజు అది నేరుగా కొట్టుకే వచ్చింది. ఎండకి ముఖం కందిపోయి ఉంది. చేతులనిండా దుమ్ము. టీ కొట్టు అక్క దూరం నుంచే, "దొరికిందా తల్లీ?" అని కేకేసింది. ఇది వినిపించుకోలేదు. స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. నేను ఒక థీసిస్ వెన్నుకి గుడ్డ అంటిస్తున్నాను.

"నాన్నా, నువ్వు వెన్ను పైన అంటించే ఎర్ర నీలం దారం పట్టీ ఇంకెవరైనా వాడతారా?"

"ఈ చుట్టుపక్కల ఎవడికొచ్చు? మా గురువు నేర్పాడు, నేను వాడతాను. ఎందుకు?"

అది ఫోను తీసి నా ముందు పెట్టింది. ఎర్ర కాలికో గుడ్డ వేసిన అట్ట. వెన్ను మీద ఎర్ర నీలం పట్టీ. అట్ట లోపల మూలన నా కొట్టు చీటీ, ఇంత చిన్నది, నీలం రంగులో. నాలుగు వాల్యూములు. చూడగానే ముందు నాకు గర్వమే వేసింది.  పన్నెండేళ్లయినా ఎక్కడా జాయింటు విడలేదు, అని మనసులో అనుకున్నాను.

అది వేలితో ఫోటో జరిపింది. రసీదు. మా నాన్న పేరు, తాత పేరు, విస్తీర్ణం, వంకర సంతకం. ఇంకో ఫోటో. అదే పేజీ కుడి అంచు, దగ్గరగా తీసింది. కాగితం చివర, పైనుంచి కిందదాకా, సన్నటి సిరా గీతల వరస. పిట్ట నడిచిన అడుగుల్లా.

"ఏంటివి?" అన్నాను.

"తలకట్లు" అంది అది.

నా చేతిలో గుడ్డ జిగురుతో అలాగే ఎండిపోయింది. ఆ తర్వాత ఎంత గీకినా రాలేదు, ఆ థీసిస్‌కి వెన్ను మళ్లీ కట్టాల్సి వచ్చింది.

అది నలభై ఒక్క రసీదులూ ఒక్కొక్కటిగా చూపించింది. కొన్నిటికి తలకట్లున్నాయి, కొన్నిటికి ఒక గుడి, ఒక కొమ్ము తునక, కొన్నిటికి అదీ లేదు. అంచులు మాత్రం అద్దంలా ఉన్నాయి. మంచి కత్తి, మంచి చెయ్యి.

పన్నెండేళ్ల కిందటి సంగతి. ఫుట్‌నోట్ అప్పుడు హెడ్డు కాదు, మామూలు లెక్చరరు. రికార్డు గది కొత్తగా ఆయనకి అప్పగించారు. చెదలు పడుతున్నాయని విడి కాగితాల కట్టలు నాలుగు ఆటోలో వేసుకొచ్చాడు. యూనివర్సిటీ నుంచి నాకొచ్చిన మొదటి పెద్ద పని అదే. దాని తర్వాతే నా బోర్డు మీద "యూనివర్సిటీ వారి ఆమోదం పొందిన" అని రాయించుకున్నాను. ఆ డబ్బుతోనే ఈ పిల్లకి సైకిలు కొన్నాను, బడికి పోవడానికి.

కట్టలు కుట్టి కటింగ్ మిషన్లో పెట్టి చక్రం తిప్పబోతూ చూశాను, అంచుల్లో చేతిరాత ఉంది. బైండరుగా మాకొక పద్ధతి. రాత మీద కత్తి పడేలా ఉంటే అడిగి కొయ్యాలి. అడిగాను.

"సార్, అంచుల్లో ఏదో రాసుంది. కోస్తే పోతుంది, పర్వాలేదా?"

ఆయన వేలు తడి చేసుకుని రెండు పేజీలు తిప్పాడు. "ఎవరో పిచ్చిగీతలు గీశారోయ్. నీట్‌గా కొయ్యి" అన్నాడు. నేను పావంగుళానికి పెట్టాను. ఆయన వంగి చూసి, "ఇంకాస్త" అన్నాడు. అరంగుళానికి పెట్టాను.

అవి ఏ కాగితాలో చూడలేదా అని మీరడగవచ్చు. చూడలేదు. నేను చదవను. ఆ గొప్ప ఒకటి ఏడ్చింది నాకు. మా నాన్న మూడు సాయంత్రాలు నా పలక మీద దిద్దిన అక్షరాలు నా కత్తి కింద నుంచి నా కాళ్ల మీద పడ్డాయి. వాటిని చీపురుతో ఊడ్చి, గోనెసంచిలో తొక్కి, పాత పేపర్లవాడికి తూకానికి వేశాను.

ఇదంతా అమ్మాయికి చెప్పాను. ఆ రోజు చెప్పాను, అడక్కుండానే. కడుపులోది కక్కేసినట్టు మొత్తం చెప్పాను. అది నోటుబుక్కు తీసి రాసుకుంది.

"కావాలనే చేయించాడే వాడు" అన్నాను. "ఆ బీడులో ప్రొఫెసర్ల కాలనీకి ప్లాట్లు గీసుకున్నారు. వాడిది పద్నాలుగో నంబరు. ఊరందరికీ తెలుసు."

"కాలనీ సొసైటీ పెట్టింది కూడా ఆ ఏడే నాన్నా. రిజిస్టరు చూశాను. రెండూ ఒకే ఏడు జరిగాయని రాయగలను. దానికోసమే ఇది జరిగిందని రాయలేను. ఆధారం లేదు."

"నువ్వూ మొదలెట్టావా ఆధారం అని!"

"ఆధారం నువ్వే" అంది. "నువ్వు అడిగావు, ఆయన కొయ్యమన్నాడు. అది చూసిన మనిషివి నువ్వొక్కడివే."

రెండు రోజులు కూర్చుని అది ఒక ఫుట్‌నోట్ రాసింది. చదివి వినిపించింది. ఈ సంపుటాల అంచుల్లో చేతిరాత ఉండేదని, రికార్డుల ఇన్‌చార్జి చెప్పినమీదట తాను వాటిని అరంగుళం మేర కోశానని ఫలానా బైండరు తెలిపారు. కింద నా పేరు, ఇంటిపేరు, కొట్టు చిరునామా. దానితోపాటు, ఇదే మాట ఒక కాగితం మీద రాసి నాచేత సంతకం పెట్టిస్తే, ఆ తలకట్ల ఫోటోలు, ఈ వాంగ్మూలం కలిపి నలభై ఒక్క కుటుంబాలకీ గడువులోగా అర్జీ పెట్టవచ్చని ఎవరినో కనుక్కొచ్చింది.

"పేరు ఉండాలా అందులో?" అన్నాను.

"పేరు లేకపోతే అది పుకారు నాన్నా. పేరుంటేనే సాక్ష్యం."

"సరే, చూద్దాంలే" అన్నాను. ఆ రాత్రి అది హాయిగా నిద్రపోయింది. నేను మాత్రం పైన ఫ్యాను తిరగడం లెక్కపెట్టుకుంటూ పడుకున్నాను.

డ్రాఫ్టు గైడుకి చూపించక తప్పదు కదా. మే నెల రెండో వారంలో ఫుట్‌నోట్ నా కొట్టుకి వచ్చాడు. ఈసారి అద్దం దించి మాట్లాడలేదు, కారు దిగి, లోపలికి వచ్చి, అమ్మాయి కూర్చునే స్టూలు మీదే కూర్చున్నాడు. వేసవిలో కొట్టంతా మైదా జిగురు పులిసిన వాసన. ఆయన ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. అమ్మాయి డ్రాఫ్టు ఒళ్లో పెట్టుకుని, వేలు తడి చేసుకుని, ఆ పేజీ తీశాడు.

"బంగారం లాంటి పిల్లోయ్ మీ అమ్మాయి. వచ్చే నెలలో రిసెర్చి సీటు ఒక్కటే ఉంది. మూడేళ్లు నెలనెలా స్కాలర్‌షిప్పు. దానికే ఇద్దామనుకుంటున్నాను."

"మీ దయ సార్" అన్నాను. నిలబడే ఉన్నాను.

"ఈ ఒక్క ఫుట్‌నోటే..." అని నవ్వాడు. "నా గురించి కాదోయ్ నా బాధ. నేను రేపో మాపో రిటైరైపోయేవాణ్ణి. నీ గురించి. నలభై కుటుంబాల వాళ్లు దీన్ని చదివితే ఏమంటారు? ఫలానా సారు కొయ్యమన్నాడు అంటారా, వీడు కోశాడు అంటారా? కత్తి నీది కదా."

నేను జిగురు డబ్బాకి మూత పెట్టాను.

"పక్కనే టీ కొట్టు ఆవిడ ఉంది. రేపు ఆవిడ వచ్చి నీ గుమ్మంలో మన్ను పోస్తే నేనొచ్చి అడ్డం నిలబడలేను కదా? పన్నెండేళ్ల కిందటి మాట. నాకైతే ఏమీ గుర్తులేదు. నీకు మాత్రం అంత బాగా గుర్తుంటుందా?"

డ్రాఫ్టు నా బల్ల మీద పెట్టి లేచాడు. పోతూ పోతూ, "ఈ ఏడు థీసిస్‌లు కాస్త ఎక్కువే వస్తాయి. చూసుకో" అన్నాడు. ఆయన తిప్పిన పేజీ మూల ఇంకా తడిగా ఉంది. తుడవాలంటే నాకు చెయ్యి రాలేదు.

అటునుంచి టీ కొట్టు అక్క వచ్చింది. "ఏంటి తమ్ముడూ, సారంతటివాడు నీ దగ్గరికొచ్చాడు? మన కాగితాల సంగతేనా?"

"అబ్బే, అమ్మాయి సీటు సంగతి అక్కా."

"పోన్లే, ఒకళ్లన్నా పైకొస్తున్నారు" అని ఆమె ఒక టీ ఇచ్చి డబ్బులు తీసుకోకుండా పోయింది. ఆ టీ తాగాను. తేలు కుట్టిన దొంగకి టీ కూడా గొంతు దిగుతుందని ఆ రోజే తెలిసింది.

రెండు రోజులు పొద్దుటే కొట్టుకి పోయి, అందరూ పడుకున్నాక ఇంటికొచ్చాను. మూడోరోజు పొద్దున, అమ్మాయి బల్ల ముందు కూర్చుని కాగితాలు సర్దుకుంటోంది. మా ఆవిడ వంటింట్లో ఉంది. నేను చొక్కా గుండీలు పెట్టుకుంటూ గుమ్మంలో నిలబడ్డాను.

"సంతకం పెడతావా నాన్నా, ఈ వాంగ్మూలం మీద? చదువుతా విను, తప్పుంటే చెప్పు" అంది.

"అది కాదమ్మా..."

"ఏంటి?"

"ఆ రోజు ఆయన్ని నేను అడిగానంటావా?"

అది తలెత్తింది. "నువ్వే కదా చెప్పావు. రాత ఉంది, పోతుంది సార్ అన్నానని. ఇంకాస్త అని ఆయనన్నాడని."

"చెప్పానేమోలే. పన్నెండేళ్లయింది. సరిగ్గా గుర్తులేదమ్మా."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అమ్మాయి నా ముఖంలోకి చాలాసేపు చూసింది. నేను మూడో గుండీ నాలుగో కాజాలో పెట్టుకున్నాను, విప్పి మళ్లీ పెట్టుకున్నాను.

"రాత ఉండటం గుర్తుందా?"

"అంచుల్లో ఏవో ఉంటూనే ఉంటాయి. ఏ కట్ట అని చెప్పను?"

"సార్ కొట్టుకి వచ్చారా?"

"వస్తూ పోతూ ఉంటారు కదా."

అది పెన్సిలు తీసుకుంది. పేజీ అడుగున ఉన్న ఆ నాలుగు వరసల మీద స్కేలు పెట్టి ఒక గీత గీసింది. వాంగ్మూలం రాసిన కాగితాన్ని చింపలేదు, మడిచి పుస్తకంలో పెట్టుకుంది. "సాక్షి గుర్తులేదన్నాక నేను రాయకూడదు" అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

మా ఆవిడ గుమ్మం దాకా వచ్చి, నన్ను తేరిపార చూసి, "టిఫిను అక్కడ పెట్టాను, తినండి" అని లోపలికి పోయింది. నేను తిన్నాను కూడా.

జూన్ రెండో వారంలో డిసర్టేషన్ సమర్పించాలి. ఐదు కాపీలు. దాని కాపీలు నేను కాక ఇంకెవరు బైండు చేస్తారు? కుట్టడానికి ముందు, మొదటి పేజీలో "ఇది నా సొంత కృషి, ఇందులో ఏదీ దాచలేదు" అనే ప్రకటన కింద సంతకాలు పెట్టాలి. కొట్టులో నా బల్ల మీదే పెట్టింది. సంతకం పెట్టాక ఒక్కొక్క కాగితాన్నీ అడ్డంగా తిప్పి, అంచు వెంబడి పెన్నుతో ఏదో రాసింది. ఐదు కాపీల మీదా రాసింది. రాసేటప్పుడు దాని నాలుక కొస బయటికి వచ్చింది.

నేను దగ్గరికి పోలేదు. పోనక్కర్లేదు. ఆ వంపులు నాకు దూరం నుంచి కూడా తెలుసు, నా పలక మీద చూసినవే.

"అంచులు కొయ్యొద్దు నాన్నా" అంది.

కొయ్యలేదు. ముప్పయ్యేళ్లలో నా కొట్టు నుంచి అంచులు కొయ్యకుండా పోయిన పుస్తకాలు అవే. ఎంత దువ్వినా కాగితాలు ఎగుడుదిగుడుగానే ఉన్నాయి. ఎర్ర నీలం పట్టీ మాత్రం వేశాను.

రెండు గంటల్లో అది ఐదు కాపీలూ మోసుకుని తిరిగొచ్చింది. డిపార్ట్‌మెంటు గుమాస్తా తీసుకోలేదట. అంచులు కొయ్యనివి తీసుకోకూడదని నిబంధన ఉందట. ఐదింటికి కౌంటరు మూసేస్తారు, ఆ రోజే ఆఖరు. గోడ గడియారంలో నాలుగు దాటి పది నిమిషాలైంది.

"హెడ్డుని అడగలేకపోయావా?" అన్నాను.

"ఆయన పక్కనే ఉన్నారు. మొదటి పేజీ చూశారు" అంది.

 బయట టీ కొట్టు అక్క ఎవరితోనో చిల్లర కోసం తగువు పడుతోంది.

"కొయ్యి నాన్నా" అంది అమ్మాయి.

"ఎంత?"

"నీకు తెలుసు కదా ఎంతో."

ఐదింటినీ వరసగా మిషన్లో పెట్టాను. చక్రం బిగించాను. కత్తి దిగే చప్పుడు మామూలుగా నాకు ఇష్టం, దోసకాయ తరిగినట్టుంటుంది. అమ్మాయి గోడ వైపు తిరిగి నిలబడింది. నాలుగూ నలభైకి పుస్తకాలు తీసుకుని పోయింది. కింద పడ్డ కాగితం పీలికల్ని ఈసారి ఊడవలేదు. వంగి ఏరాను. రాత ఉన్నవి ఐదు దొరికాయి. వాటిని సూదులు, దారాలు పెట్టుకునే సొరుగులో పెట్టాను. 

జూన్ ముప్పై పోయింది. టీ కొట్టు అక్క ఆ సాయంత్రం కొట్టు కట్టేస్తూ, "ఏం చేస్తాం తమ్ముడూ, కాగితం లేనివాడికి భూమేంటి" అంది. "అవును అక్కా" అన్నాను. జూలైలో బీడు చుట్టూ కంచె వేశారు. కాలనీకి శంకుస్థాపన రాయి వచ్చింది. పద్నాలుగో నంబరు ప్లాటు మూలమీదది, రెండువైపులా రోడ్డు.

అమ్మాయికి సీటు వచ్చింది. ఇల్లు మైలు దూరం లేదు, అయినా హాస్టల్లో ఉంటానంది. వాళ్లమ్మ వద్దనలేదు, పరుపు కట్టి ఇచ్చింది. ఆదివారాలు వస్తుంది. ఇదివరకు నన్ను నువ్వు అనేది, ఇప్పుడు మీరు అంటోంది. మొన్నొక ఆదివారం కిటికీ దగ్గర కూర్చుని ఏదో పుస్తకం చదువుకుంటోంది. చూపుడువేలు నాలుక మీద ఆనించి పేజీ తిప్పింది. నేను అన్నం ముందు నుంచి లేచిపోయాను. ఏమైందని వాళ్లమ్మ అడిగితే, ఉక్కగా ఉందన్నాను.

రెండో వాల్యూము, అరవై మూడో పేజీ. రికార్డు గదిలోనే ఉంది, బల్బు తీసుకుపోయి అడిగితే చూపిస్తారు. కోత మాత్రం బాగుంటుంది, గీత గీసినట్టు. మా నాన్న పేరుంది, ఆయన నాన్న పేరుంది, వంకర సంతకం ఉంది, పక్కన ఆ తలకట్లున్నాయి. కింద విస్తీర్ణం కూడా ఉంది, దాని జోలికి కత్తి పోలేదు: మూడెకరాల ఇరవైయేడు సెంట్లు, ఒక దిగుడుబావి.